ఈ మధ్య చూసిన సినిమాలు: ఏవి నిలబడ్డాయి, ఏవి జారిపోయాయి

మీ ప్రశ్నను ముందుగా నా మాటల్లో ఒకసారి చెప్పుకుంటాను. సెలవులకు కరీంనగర్‌లోని ఇంటికి వచ్చారు. నాయనమ్మ, అమ్మానాన్నలు, పదేళ్ల తమ్ముడితో కలిసి రాత్రిళ్లు సినిమాలు చూస్తున్నారు. ఇంటిల్లిపాదీ చివరిదాకా కదలకుండా చూసింది 'బలగం' ఒక్కటే. మిగిలినవాటికి ఎవరో ఒకరు మధ్యలోనే లేచిపోతున్నారు. ఈ మధ్య నేను చూసినవాటిలో ఏవి బాగున్నాయో, ఏవి బాగాలేవో మొహమాటం లేకుండా చెప్పమని, మన ప్రాంతం కనిపించే సినిమాల్లో ఏది, మాటతో సహా, నిజంగా మనదిగా ఉందో, వేటిని ఏ వరుసలో చూడాలో కూడా చెప్పమని అడిగారు. హనుమకొండలో సినిమాలు వేసుకొని చూసి, ఆ తర్వాత పొద్దుపోయేదాకా వాటి గురించే మాట్లాడుకునే ఒక చిన్న బృందంలో ఎన్నో ఏళ్లుగా ఉన్నాను కాబట్టి, కొత్తగా చూసినవీ, మళ్లీ చూసినవీ కలిపి చెబుతాను. ఇవి నా అభిప్రాయాలే అయినా, ప్రతిదానికీ కారణం చెప్పడానికి ప్రయత్నిస్తాను. కథలు కొంత బయటపెట్టక తప్పదు.

నేను సినిమాను దేనితో తూస్తానో చెబితే తక్కినది సులువుగా అర్థమవుతుంది. కథ ఎంత పెద్దదైనా దాని బరువంతా మోసే చిన్న సంగతి ఒకటి ఉండాలి. అది ఒక వస్తువు కావచ్చు, ఒక చేతిపని కావచ్చు, ఒక అంకె కావచ్చు. దర్శకుడు ఆ సంగతిని దగ్గరగా ఎరిగినవాడై, చివరిదాకా దాన్ని పట్టుకొని ఉంటే, ఆ సినిమాలో ఎన్ని లోపాలున్నా నేను నమ్ముతాను. దాన్ని మధ్యలో వదిలిపెట్టి నెత్తురుకో, ఉపన్యాసానికో, పెద్ద శబ్దానికో తిరిగితే, ఎంత ఖర్చు పెట్టి తీసినా నా మనసు అక్కడే నిలిచిపోతుంది. మీ ఇంట్లో మధ్యలో లేచిపోతున్నవారు కూడా బహుశా అలాంటి చోటనే లేస్తున్నారని నా అనుమానం.

'బలగం' గురించి మీరు అడగకపోయినా అక్కడి నుంచే మొదలుపెట్టాలి, ఎందుకంటే మీ ఇంట్లో అది ఎందుకు నిలిచిందో తెలిస్తే తర్వాత ఏం చూడాలో తెలుస్తుంది. వేణు యెల్దండి దర్శకత్వంలో 2023 మార్చిలో వచ్చిన ఈ సినిమాలో బరువు మోసే వస్తువు నల్లిబొక్క, అంటే మూలుగ ఉండే మాంసపు ఎముక. కొమురయ్య అనే ముసలాయన చనిపోతాడు. మూడోనాడు పిట్టకు పెడితే పిట్ట ముట్టదు. ముట్టకపోవడానికి కారణం వెతుకుతూ పోతే ఎన్నో ఏళ్ల కిందటి ఒక విందు దగ్గర తేలుతుంది. ఆ విందులో అల్లుడి విస్తరిలో నల్లిబొక్క పడలేదు. అంతే. ఆ మాట మాటగా ఆగకుండా బావ నారాయణకూ బావమరిది ఐలయ్యకూ మధ్య పంతంగా మారి, ఆడబిడ్డను పుట్టింటి గడప తొక్కకుండా చేసింది. బయటివారికి ఇది నవ్వులాటగా అనిపించవచ్చు. మన పల్లెల్లో యాటకూర వడ్డించేటప్పుడు ఏ ముక్క ఎవరికి పడిందన్నది రుచికి సంబంధించిన సంగతి కాదు, మర్యాదకు సంబంధించిన సంగతి. అల్లుడికి అది వేయకపోతే మరిచిపోయారని ఎవరూ అనుకోరు, లెక్కచేయలేదనే అనుకుంటారు. ఈ సంగతిని దర్శకుడు ఎక్కడా వివరించడు, పాత్రలతో ఉపన్యాసం చెప్పించడు. చూసేవారికి తెలుసునన్న నమ్మకంతో వదిలేశాడు. తెలియనివారు కూడా ఆ ఇద్దరి ముఖాలు చూసి తెలుసుకున్నారు.

పిట్టకు పెట్టే దృశ్యాలను మరోసారి గమనించి చూడండి. చనిపోయిన మనిషికి ఇష్టమైనవన్నీ విస్తరిలో పెట్టి, చుట్టాలంతా నాలుగడుగులు వెనక్కి వచ్చి, చెట్ల వైపు తలెత్తి నిలబడతారు. కెమెరా పిట్ట కోసం తొందరపడదు, ఎదురుచూసే మనుషుల మీదనే ఉంటుంది. ఒకరి ముఖంలో దుఃఖం, ఇంకొకరి ముఖంలో ఊరేమనుకుంటుందోనన్న భయం, మరొకరి ముఖంలో ఇది ఎప్పుడు ముగుస్తుందోనన్న విసుగు. ఒకే వరుసలో ఇవన్నీ కనిపిస్తాయి. అప్పుల్లో మునిగిన మనవడు సాయిలుకు తాత చావు మొదట దుఃఖం కాదు, కుదిరిన పెళ్లికి అడ్డం. ప్రియదర్శి ఆ స్వార్థాన్ని దాచకుండా నటించాడు కాబట్టే చివరలో అతని ఏడుపు మనకు అందింది. చిన్నకొడుకు సూరత్‌లో ఉండటం కూడా ఊరికే పెట్టిన వివరం కాదు. వరంగల్ కొత్తవాడలోనైనా, సిరిసిల్లలోనైనా మగ్గం నడవక సూరత్‌కో, భివండికో పోయిన మనిషి లేని చుట్టరికం దొరకడం కష్టం. చావుకు ఆలస్యంగా చేరుకునే ఆ కొడుకును చూసి మా బృందంలో పద్మశాలి కుటుంబాల నుంచి వచ్చినవారు చాలాసేపు మాట్లాడలేదు.

చివరన కథ చెప్పే కొమురమ్మ, మొగిలయ్య దంపతులు వరంగల్ జిల్లా దుగ్గొండి ప్రాంతపు బుడగ జంగాల కళాకారులు. వాళ్లు పాడుతూ ఒక్కొక్క చుట్టం వైపు తిరిగి, చనిపోయిన మనిషి పక్షాన మాట్లాడుతుంటే, సినిమా చూస్తున్నామన్న స్పృహ పోతుంది. ఊళ్లలో పదకొండోనాడు ఈ కథ చెప్పించుకోవడం ఎందుకో, ఆ వృత్తి ఏ పని చేసిపెట్టేదో కొత్త తరానికి ఆ పది నిమిషాలు తెలియజేశాయి. మొగిలయ్య గారు 2024 డిసెంబర్‌లో కన్నుమూశారు. ఆయన గొంతు ఇంత పెద్ద తెర మీద, ఇన్ని ఊళ్లలో వినబడటం ఆయన బతికుండగానే జరిగిందన్నది నాకు నిజమైన సంతృప్తి. ఆ ఏడాది ఎన్నో పల్లెల్లో గ్రామపంచాయతీ ముందర తెర కట్టి ఈ సినిమా వేసుకున్నారు. హక్కుల పరంగా అది నిర్మాతలకు నష్టమే కానీ, ఊరంతా కింద కూర్చుని ఒకే తెర చూడటం మన దగ్గర ఏనాడో పోయిన అలవాటు. ఇందులోని 'ఊరు పల్లెటూరు' పాటకు మన కాసర్ల శ్యామ్‌కు 2023 సంవత్సరపు జాతీయ ఉత్తమ గీత రచయిత పురస్కారం దక్కింది.

లోపం లేదా అంటే ఉంది. సాయిలు ఆస్తి కోసం మేనత్త కూతురు సంధ్య వెంట పడటం మొదలుపెడతాడు. తర్వాత అది ప్రేమగా మారిందని సినిమా అనుకుంటుంది. ఈ మార్పు గురించి సంధ్య ఏమనుకుందో మనకు చూపించదు. ఇంటి మగవాళ్ల పంతాలను అంత నిశితంగా చూసిన కన్ను ఆ అమ్మాయి దగ్గరకు వచ్చేసరికి తొందరపడింది.

మీ నాయనమ్మకు 'బలగం' నచ్చింది కాబట్టి తర్వాత చూపించవలసింది 'మల్లేశం'. 2019 జూన్‌లో వచ్చింది, రాజ్ రాచకొండ దర్శకుడు. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం గారి జీవితం ఇది. పోచంపల్లి రకం చీర నేయడానికి ముందు నూలును అర్ధచంద్రాకారంలో దిగ్గొట్టిన కొయ్యమేకుల చుట్టూ వరుసగా పోయాలి. దాన్ని ఆసు పోయడం అంటారు. ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ తిరగాలి. ఆ పని ఇంట్లో ఆడవాళ్లది. అమ్మ భుజం నొప్పి చూడలేక, పెద్ద చదువు లేని కొడుకు ఏళ్ల తరబడి కష్టపడి, 1999లో ఆసు యంత్రాన్ని పూర్తిచేసి, దానికి అమ్మ లక్ష్మి పేరే పెట్టాడు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

ఈ సినిమాలో నేను ప్రత్యేకంగా గౌరవించేది ఆసు దృశ్యాల నిడివి. ఝాన్సీ తల్లి పాత్రలో కూర్చుని నూలు పోస్తుంటే దర్శకుడు త్వరగా కత్తిరించడు. చెయ్యి వెళుతుంది, వస్తుంది, మళ్లీ వెళుతుంది. చూస్తున్న మన భుజం బరువెక్కేదాకా ఉంచుతాడు. అలా ఉంచాడు కాబట్టే, తర్వాత ఆ కుర్రవాడు ఊరంతా పిచ్చివాడన్నా పని ఆపకపోవడానికి మనకు వేరే కారణం చెప్పనక్కర్లేదు. యంత్రం ఒక్కొక్క అడుగు ముందుకు పడటం, ఒక భాగం దగ్గర ఆగిపోవడం, దారం తెగడం, మళ్లీ మొదలుపెట్టడం కూడా అంతే ఓపికగా చూపించాడు. విజేతల కథల్లో సాధారణంగా పనిని పాటలో పెట్టి దాటేస్తారు. ఇక్కడ పనే కథ. మధ్యలో ఒకటి రెండు చోట్ల కష్టాలు వరుస కట్టినట్టు వచ్చి కథనం కుంగిన మాట నిజమే, కానీ పెద్దవాళ్లకు అది అడ్డం కాదు. నేతపని ఎరిగిన ఇంట్లో అయితే చూస్తున్నంతసేపూ వాళ్లే మీకు వివరిస్తూ ఉంటారు, ఆ వివరణ సినిమాకంటే తక్కువ విలువైనది కాదు.

'దసరా' విషయంలో నాకు రెండు అభిప్రాయాలున్నాయి, రెండూ గట్టివే. 2023 మార్చి చివరలో వచ్చిన శ్రీకాంత్ ఓదెల తొలి సినిమా ఇది. సింగరేణి బొగ్గు ప్రాంతంలో వీర్లపల్లి అనే కల్పిత ఊరు. ఆరంభంలో బొగ్గు రైలు మీదికెక్కి బొగ్గు దించే కుర్రవాళ్లు, మనుషుల ఒంటికీ గోడలకూ పట్టిన ఆ నలుపు, సత్యన్ సూర్యన్ ఛాయాగ్రహణంలో దుమ్ముకే ఒక రంగు రావడం చూసి, గోదావరిఖని వైపు తిరిగినవారెవరైనా తలూపుతారు. ఆ ఊళ్లో సిల్క్ బార్ ఉంటుంది. ఎవరు లోపల కూర్చోవచ్చు, ఎవరు బయటే నిలబడి తాగాలి అన్నది కులం నిర్ణయిస్తుంది. బరువు మోసే చిన్న సంగతి ఈ సినిమాలో ఆ బారు గడపే. దాన్ని దాటడం ఊరి రాజకీయం అవుతుంది, సర్పంచ్ ఎన్నిక అవుతుంది, ధరణి, సూరి, వెన్నెల అనే ముగ్గురి జీవితం అవుతుంది. మొదటి సగం ఈ గడప చుట్టూనే తిరిగింది కాబట్టి అద్భుతంగా ఉంది.

రెండో సగంలో ఆ గడప మాయమైపోయింది. ఊరి బతుకునంతా మోస్తున్న అన్యాయం ఒక్క దుర్మార్గుడి కామం దగ్గరకు కుంచించుకుపోయి, మిగిలినదంతా పగ, కత్తి, నెత్తురు. చివరి పోరాటాన్ని ఎంత బాగా తీశారో నాకు తెలుసు. కానీ ఆ దుర్మార్గుడు చచ్చినంత మాత్రాన ఆ బారులో ఎవరు ఎక్కడ కూర్చోవాలన్నది మారుతుందా అనే ప్రశ్నను సినిమా తానే లేవనెత్తి, తానే మరిచిపోయింది. వెన్నెల పాత్ర కూడా అక్కడి నుంచి ఇతరుల నిర్ణయాలకు వస్తువైపోయింది. నాని తాగుబోతు భయస్థుడిగా చేసిన తొలి గంట మాత్రం ఆయన చేసిన మంచి పనుల్లో ఒకటని నా నమ్మకం. మీ తమ్ముడు నిద్రపోయాక చూడవలసిన సినిమా ఇది.

మన మాట గురించి అడిగారు కదా, ఇక్కడే చెబుతాను. చాలాకాలం తెలుగు సినిమాలో మన మాటను రౌడీకో, హాస్యానికో ఇచ్చారు. ఇప్పుడు కథానాయకులు మాట్లాడుతున్నారు, అది మంచి మార్పే. అయితే ఒకే తెలంగాణ మాట ఉందనుకోవడం ఇంకా పోలేదు. కరీంనగర్ పలుకు వేరు, పరకాల, నర్సంపేట వైపు పలుకు వేరు, ఆదిలాబాద్ వేరు, పాతబస్తీ ఒరవడి పూర్తిగా వేరు. 'బలగం'లో చిన్న పాత్రలు వేసినవారు కూడా ఆ ప్రాంతపు రంగస్థలం నుంచీ, పల్లెల నుంచీ వచ్చినవారు కావడం వల్ల వాక్యం ఎత్తుకోవడం, విరవడం, ఊపిరి తీసుకోవడం సరిగ్గా కుదిరాయి. 'మల్లేశం' కూడా ఇందులో గెలిచింది. దానికి సంభాషణలు రాసిన పెద్దింటి అశోక్ కుమార్ మన ఉత్తర తెలంగాణ పల్లెల కథకుడే. క్రియల చివర మార్చి రాస్తే యాస వస్తుందనుకునే సినిమాల్లో మనుషులు మన మాటల్లో మాట్లాడుతూనే పరాయివాళ్లలా వినిపిస్తారు.

ఇక మన ప్రాంతం దాటి వెళదాం. మీ తమ్ముడికి తప్పకుండా చూపించవలసింది '35 చిన్న కథ కాదు'. నందకిశోర్ ఈమాని దర్శకత్వంలో 2024 సెప్టెంబర్‌లో వచ్చింది, కథ తిరుపతిలో జరుగుతుంది. అరుణ్ అనే పిల్లవాడికి సున్నా అర్థం కాదు. ఏ విలువా లేని సున్నా ఒకటి పక్కన చేరితే పది ఎలా అవుతుందని అడుగుతాడు. అడిగినందుకు జవాబు రాదు, అవమానం వస్తుంది. లెక్కల మాస్టారు పిల్లలను వాళ్ల మార్కులతోనే పిలుస్తాడు కనుక ఈ పిల్లవాడి పేరే సున్నా అవుతుంది. పదో తరగతి దాటలేకపోయిన తల్లి సరస్వతి, కొడుకు కోసం తానే లెక్కలు నేర్చుకోవడానికి కూర్చుంటుంది. నివేదా థామస్ ఈ తల్లిని త్యాగమూర్తిగా చేయలేదు; తనకు రానిది రాదని ఒప్పుకోవడానికి సిగ్గుపడి, ఆ సిగ్గును మింగి పలక పట్టే మనిషిగా చేసింది. పిల్లవాడి ప్రశ్న తప్పుది కాదని, అది గణితం చాలా దూరం నడిచి వచ్చి అడగవలసిన ప్రశ్నేనని సినిమా గౌరవంగా ఒప్పుకుంటుంది. బడిలో మాస్టారిని మరీ కఠినంగా చూపించి చివర్లో సర్దుబాటు చేయడం నాకు కొంచెం తేలికగా అనిపించింది. ఉపాధ్యాయులు మీ బంధువుల్లో ఉంటే వారితో కలిసి చూడండి, తప్పకుండా మాట్లాడుకోవలసిన సంగతులు వస్తాయి.

'కోర్ట్' 2025 మార్చిలో వచ్చింది, రామ్ జగదీశ్ దర్శకుడు. 2013లో విశాఖపట్నంలో జరిగే కథ; పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం అంతకు ముందు ఏడాది నవంబర్‌లోనే అమల్లోకి వచ్చింది. పంతొమ్మిదేళ్ల చందు, పదిహేడేళ్ల జాబిల్లి ప్రేమించుకుంటారు. పద్దెనిమిది నిండనివారి ఇష్టానికి ఆ చట్టం దృష్టిలో విలువ లేదు కాబట్టి, అమ్మాయి ఇంట్లో పెద్దరికం చలాయించే మంగపతి ఆ చట్టాన్నే ఆయుధంగా చేసుకొని అబ్బాయిని జైలుకు పంపుతాడు. బరువంతా ఆ వయసు అనే అంకె మీద ఉంది. శివాజీ చేసిన మంగపతి ఈ మధ్య తెలుగులో నేను చూసిన ప్రతినాయకుల్లో అందరికంటే భయపెట్టినవాడు, ఎందుకంటే అతను అరిచి చెప్పే ప్రతి మాటనూ మనం మన చుట్టాల పెళ్లిళ్లలో విన్నాం. ఇంటి ఆడపిల్లల బట్టల గురించి అతను మాట్లాడే సన్నివేశంలో గదిలోని ఆడవాళ్లు ఎవరూ అతని ముఖం చూడరు, నేల చూస్తారు. ఆ చూపుల్లోనే సినిమా సగం చెప్పేసింది.

చిక్కు ఏమిటంటే, కోర్టులో కేసు గెలవడం చాలావరకు సాక్ష్యాలు తప్పుడువని తేలడం మీద ఆధారపడింది. సాక్ష్యాలు నిజమైనవై, ఇద్దరికీ ఇష్టమై, అమ్మాయికి ఇంకా కొన్ని నెలలు తక్కువై ఉంటే ఏమిటన్నది అసలు కఠినమైన ప్రశ్న. చివరి వాదనలో ఆ ప్రశ్నను తాకారు కానీ నిలబడి చూడలేదు. పిల్లలను కాపాడటానికి ఆ చట్టం ఎంత అవసరమో తెలిసినవాణ్ణి కాబట్టి, దుర్వినియోగం కథ చూసి చట్టమే దండగ అనుకునే ప్రేక్షకుడు ఒక్కడున్నా నాకు ఆందోళనగా ఉంటుంది. మీ అమ్మానాన్నలతో కలిసి చూడండి, చూశాక ఈ భాగం గురించి మాట్లాడండి. చట్టం గురించి బడిలోనే చెప్పాలన్న ఆ సినిమా పట్టుదలతో నాకు పూర్తి ఏకీభావం ఉంది.

హిందీలో కిరణ్ రావు తీసిన 'లాపతా లేడీస్' 2024 మార్చిలో విడుదలైంది. 2001లో, పెళ్లిళ్ల కాలంలో, కిక్కిరిసిన రైల్లో ఇద్దరు పెళ్లికూతుళ్లు ఒకే రంగు ముసుగుల్లో కూర్చుంటారు; రాత్రిపూట తొందరలో పెళ్లికొడుకు వేరే అమ్మాయి చెయ్యి పట్టుకొని దిగిపోతాడు. ముహూర్తాల రోజుల్లో కాజీపేట జంక్షన్‌లో బండి ఆగిన ఆ రెండు నిమిషాల తోపులాట చూసినవారికి ఇది అతిశయోక్తి అనిపించదు. తప్పిపోయిన భార్య ఆనవాలు కోసం పోలీసులకు పెళ్లి ఫొటో ఇస్తే, అందులో ఆమె ముఖం మీద ముసుగే ఉంటుంది. స్టేషన్‌లో మిగిలిపోయిన ఫూల్‌కు అత్తగారి ఊరి పేరు సరిగ్గా గుర్తులేదు, భర్త పేరు నోటితో చెప్పకూడదు. మన నాయనమ్మలు కూడా పేరు చెప్పకుండా జీవితమంతా గడిపినవారే కనుక ఈ దృశ్యానికి మీ ఇంట్లో మొదట నవ్వేది ఆమేనని అనుకుంటున్నాను. ప్లాట్‌ఫారం మీద చాయ్ దుకాణం నడిపే మంజు మాయి పాత్రలో ఛాయా కదమ్ మాట్లాడే తీరు, చేతులు ఆగకుండా పని చేస్తూనే కోపాన్నీ ప్రేమనూ చూపించే తీరు చాలాకాలం గుర్తుంటాయి. ముగింపు కొంచెం తీపి ఎక్కువే, కానీ సినిమా ఎవరినీ వెక్కిరించదు.

'మంజుమ్మెల్ బాయ్స్' మలయాళంలో 2024 ఫిబ్రవరిలో వచ్చింది, తెలుగు అనువాదం కూడా ఆ ఏప్రిల్‌లో వచ్చింది. 2006లో కొడైకెనాల్ గుణ గుహల్లో నిజంగా జరిగిన ప్రమాదం ఇది. స్నేహితుల్లో ఒకడు లోతైన బిలంలో పడిపోతాడు. దిగడానికి ఎవరూ ముందుకు రాకపోతే కుట్టన్ తానే దిగుతాడు. ఇక్కడ చిన్న సంగతి తాడు. కథ మొదట్లో ఒక పెళ్లి దగ్గర తాళ్లు లాగే పోటీ పెట్టి, అదేదో కాలక్షేపమని మనల్ని అనుకోనిచ్చి, చివర్లో అదే తాడు, అవే చేతులు, అదే కేక మళ్లీ తెస్తాడు దర్శకుడు చిదంబరం. గుహ లోపలి భాగాన్ని సెట్ వేసి తీశారని తెలిసి కూడా ఆ తడి, ఆ చీకటి నిజమనే నమ్ముతాం. అనువాదం బదులు మూలం చూడమంటాను, ఎందుకంటే మలయాళ కుర్రవాళ్లకూ తమిళ పోలీసులకూ మధ్య ఒకరి మాట ఒకరికి పూర్తిగా అందకపోవడం కథలో భాగం.

మరికొన్ని త్వరగా. 'లక్కీ భాస్కర్'లో బ్యాంకు రసీదులతో మోసం ఎలా జరుగుతుందో బ్యాంకు గుమ్మం ఎక్కనివారికి కూడా అర్థమయ్యేలా చెప్పారు, అది చిన్న విషయం కాదు. కానీ అంత నేరం చేసిన గుమస్తా దాదాపు ఏ మూల్యమూ చెల్లించకుండా బయటపడటాన్ని విజయంగా చూపించడం నాకు రుచించలేదు. విజయ్ సేతుపతి 'మహారాజ'లో కథను ముందువెనకలు చేసి చెప్పిన నేర్పు గొప్పదే, అయితే అందులో అమ్మాయి మీద జరిగిన హింసను చివరి మలుపు కోసం దాచిపెట్టి వాడుకున్న పద్ధతి నన్ను ఇబ్బంది పెట్టింది. ఇంటిల్లిపాదితో కలిసి చూసేది కాదు. 'కల్కి 2898 ఏడీ'లో కురుక్షేత్రపు మొదటి నిమిషాలూ, అశ్వత్థామగా అమితాబ్ బచ్చన్ నిలబడిన తీరూ ఘనంగా ఉన్నాయి. వాటి మధ్యన చాలాసేపు సినిమాకు తాను ఎవరి కథ చెబుతున్నదో తెలియలేదు.

చివరగా, కొత్తది కాకపోయినా ఈ మధ్యే మళ్లీ చూసిన 'దాసి'. బి. నర్సింగరావు గారు 1988లో తీశారు. పెళ్లికూతురితో పాటు గడీకి, అంటే దొర ఉండే కోట లాంటి ఇంటికి, వచ్చిన దాసి కథ, 1920ల నాటిది. అర్చనకు ఉత్తమ నటి, ఏ.కె. బీర్‌కు ఛాయాగ్రహణం, వైకుంఠం గారికి కళాదర్శకత్వం, సుదర్శన్ గారికి దుస్తుల రూపకల్పన, ఉత్తమ తెలుగు చిత్రం, మొత్తం ఐదు జాతీయ పురస్కారాలు వచ్చాయి. ఇందులో మాటలు చాలా తక్కువ, నేపథ్య సంగీతంతో కన్నీళ్లు పిండే ప్రయత్నం లేదు. తెల్లవారింది మొదలు ఆమె చేసే చాకిరీ, పిలిస్తే వెళ్లడం, పొమ్మంటే పోవడం. దొర ఆమె ఒంటిని వాడుకోవడం, కడుపు పోగొట్టించడం కూడా ఆ గడీ రోజువారీ పనుల్లో ఒకటిగానే జరిగిపోతాయి. ఎవరూ అరవరు. 'దసరా' రెండో సగంలో పోగొట్టుకున్నది ఇందులో మొదటి నుంచి చివరిదాకా ఉంది: అన్యాయం ఒక మనిషి చెడ్డతనం కాదని, ఆ ఇంటి తీరే అదని చెప్పగల స్థైర్యం. మీ నాయనమ్మ వయసు వారు తమ తల్లుల నోట గడీల సంగతులు విని ఉంటారు. ఆమె చూడగలనంటేనే చూపించండి, చూస్తూ ఆమె ఏదైనా చెబితే సినిమాను ఆపి వినండి.

వరుస అడిగారు కాబట్టి నా సలహా ఇది. మొదట 'మల్లేశం', అందరూ కలిసి. తర్వాత '35 చిన్న కథ కాదు', తమ్ముడికి బడి లేని రోజున, ఎందుకంటే అతను మధ్యలో ప్రశ్నలు వేస్తాడు. 'కోర్ట్', 'మంజుమ్మెల్ బాయ్స్' అమ్మానాన్నలతో. 'దసరా', 'మహారాజ' మీరొక్కరే లేదా స్నేహితులతో. 'లాపతా లేడీస్' మాత్రం హిందీలోనే వేయండి. కరీంనగర్‌లో పెరిగిన పెద్దవారికి ఆ భాష కొంత చెవిన పడే ఉంటుంది, అందనిచోట పక్కన కూర్చుని ఒక్క మాటలో చెబితే సరిపోతుంది.